మాల్దీవులా, మారిషస్సా, శ్రీలంకా, బాలీనా? దీవి సంపాదన చూసి ఎంచుకోండి

నాలుగు దీవుల ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. అవే కొబ్బరిచెట్లు, అదే నీలపు నీళ్లు. తేడా తెలిసేది బిల్లు చేతికొచ్చాకే. ఇద్దరికి నాలుగు రాత్రులు లక్ష రూపాయలని మొదలైన బేరం ఒక దీవిలో లక్షా పాతికవేల దగ్గర ఆగితే, ఇంకో దీవిలో రెండు లక్షలు దాటుతుంది. ఇందులో మోసమేమీ ఉండక్కర్లేదు. పర్యాటకుడి నుంచి డబ్బు రాబట్టే పద్ధతి దీవికొక రకంగా ఉంటుంది. ఒకచోట పడవ మీద, ఒకచోట పన్ను మీద, ఇంకోచోట చూడబోయే గుడికీ కోటకీ కొనే టికెట్టు మీద. ఆ దీవి దేని మీద బతుకుతోందో, వచ్చిన డాలరు ఎటు పోతోందో తెలిస్తే మీకు ఏది సరిపోతుందో సగం తేలిపోతుంది.

కింద చెప్పిన పన్నులు, రుసుములు 2025 చివరినాటివి. ఈ దేశాలన్నీ వాటిని తరచూ మారుస్తుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఒకసారి చూసుకోండి.

## ముందు ఏం చూడాలి

గది అద్దె ఆఖర్న చూడండి. మొదట అడగాల్సింది విమానాశ్రయం నుంచి గదిదాకా ఎలా వెళ్లాలి, ఎంతవుతుంది అన్నది. శ్రీలంకలో అది కారు అద్దె, మాల్దీవుల్లో అది ఒక్కోసారి విమానం టికెట్టుతో సమానం.

తరవాత, చెప్పిన ధర మీద ఇంకెంత పడుతుందో చూడండి. హోటల్ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సర్వీస్ ఛార్జీ, పన్ను ఇంకా కలపలేదని అర్థం. చాలామంది ఈ రెండు గుర్తుల దగ్గరే లెక్క తప్పుతారు.

మూడోది సెలవులు. మన పిల్లలకు బడి లేనిది వేసవిలో, దసరాకు, సంక్రాంతికి. ఈ మూడు సమయాల్లోనూ నాలుగు దీవులూ ఒకేలా ఉండవు. మే నెలలో చవగ్గా దొరికే దీవి అప్పుడెందుకు చవకో ఆకాశం చెబుతుంది.

తిండి సంగతి శాకాహారులు, పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవాళ్లు తప్పక చూడాలి. ఇక సముద్రం చూశాక మూడో రోజు ఏం చేస్తారన్న ప్రశ్న ఉంది. దీన్ని బుక్ చేసేటప్పుడు ఎవరూ అడగరు, మూడో రోజు సాయంత్రం అందరూ అడుగుతారు.

చివరిది, ఆ దీవికి పర్యాటకం ఎంత ప్రాణాధారమన్నది. దీనికి 2020 మంచి కొలత. విమానాలు ఆగిన ఆ ఏడాది మాల్దీవుల ఆర్థిక వ్యవస్థ దాదాపు మూడోవంతు కుంచించుకుపోయింది. మారిషస్ 15 శాతం దాకా, బాలీ 9 శాతం పైగా, శ్రీలంక 5 శాతం లోపు నష్టపోయాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి. మాల్దీవుల్లా పర్యాటకుడి మీదే బతికే దేశం అతని బిల్లు మీదే ప్రత్యేకంగా పన్ను వేస్తుంది, ఎందుకంటే పన్ను వేయడానికి వేరే పెద్ద పరిశ్రమ లేదు.

| చూడాల్సింది | మాల్దీవులు | మారిషస్ | శ్రీలంక | బాలీ |
|---|---|---|---|---|
| బిల్లు మీద పడేవి | సర్వీస్ 10%, ఆపైన పర్యాటక జీఎస్టీ 17% | వ్యాట్ 15%, ఎక్కువగా ధరలో కలిపే చెబుతారు | సర్వీస్ 10%, వ్యాట్ 18% | సర్వీస్ 5–10%, స్థానిక పన్ను 10% |
| మనిషికి ఇంతని వసూలు | గ్రీన్ ట్యాక్స్ రోజుకు రిసార్టులో 12 డాలర్లు, ఊళ్లలోని చిన్న గెస్ట్‌హౌస్‌లో 6 | రాత్రికి 3 యూరోలు | చూసే చోట టికెట్లు | రాగానే ఒకసారి 1,50,000 రుపియా (ఇండోనేషియా కరెన్సీ) |
| ప్రవేశం | దిగాక ఉచిత వీసా, ముందుగా ఆన్‌లైన్ ఫారం | వీసా రుసుము లేదు, ఆన్‌లైన్ ఫారం | ముందుగా ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) | వీసా 5,00,000 రుపియా, 30 రోజులు |
| గదికి చేరడం | స్పీడ్‌బోటు లేదా సీప్లేన్ | కారు, గంట–గంటన్నర | కారు, రైలు, బస్సు | కారు, ట్రాఫిక్‌ను బట్టి |
| సముద్రం కాక | దాదాపు ఏమీ లేదు | కొండలు, జలపాతాలు, పట్నం | చాలా | చాలా |

## మాల్దీవులు: రెండు దేశాలు, ఒకే పేరు

మాల్దీవుల్లో దాదాపు 1,190 దీవులున్నాయి. పర్యాటకం 1972లో కురుంబా అనే రిసార్టుతో మొదలైంది. తరవాత ప్రభుత్వం పట్టుకున్న సూత్రం ఒక్కటే: ఒక దీవికి ఒక రిసార్టు. జనం ఉండే దీవిలో విదేశీయులు ఉండరు, విదేశీయులుండే దీవిలో ఊరు ఉండదు. 2009 తరవాతే ఊళ్లున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి వచ్చింది. అందుకే ఇప్పుడు మాల్దీవులంటే రెండు వేర్వేరు ప్రయాణాలు. వాటి మధ్య ధర తేడా నాలుగైదు రెట్లు.

రిసార్టు దీవిలో కరెంటు, మంచినీళ్లు, మురుగు శుద్ధి అన్నీ రిసార్టే సొంతంగా చేసుకోవాలి. డీజిల్ జనరేటరు, సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం, సిబ్బంది ఇళ్లు అన్నీ ఆ చిన్న దీవిలోనే ఉంటాయి. చేప తప్ప దాదాపు ప్రతి తినే వస్తువూ దిగుమతే. మీరు తినే టమాటా మీకంటే ముందు విమానమో ఓడో ఎక్కింది. మీరు కట్టే డాలర్లలో పెద్ద భాగం ఆ దిగుమతుల రూపంలో, విదేశీ సిబ్బంది జీతాల రూపంలో, విదేశీ హోటల్ కంపెనీల లాభాల రూపంలో మళ్లీ బయటికే పోతుంది. దేశంలో మిగిలేది ఎక్కువగా లీజు అద్దె, పన్ను. అందుకే ఆ పన్ను పెరుగుతూ పోతోంది: పర్యాటక జీఎస్టీ 2023 జనవరిలో 12 నుంచి 16 శాతానికి, 2025 జూలైలో 17 శాతానికి చేరింది. గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి రెట్టింపయింది.

లెక్క వేసి చూద్దాం. రిసార్టు గది ఇద్దరికి రాత్రికి 300 డాలర్లు, పక్కన రెండు ప్లస్‌లు.

- గది 300, సర్వీస్ 10% కలిపితే 330
- దాని మీద 17% పన్ను 56.10, మొత్తం 386.10
- గ్రీన్ ట్యాక్స్ ఇద్దరికి 24, మొత్తం 410.10
- నాలుగు రాత్రులకు 1,640 డాలర్లు
- రానూపోనూ సీప్లేన్ మనిషికి 450 అనుకుంటే ఇద్దరికి 900

మొత్తం 2,540 డాలర్లు. ప్రకటనలో కనపడిన 1,200కి రెట్టింపు దాటింది, ఇంకా భోజనం మొదలుకాలేదు. ఫుల్ బోర్డ్ అంటే మూడు పూటలా భోజనమే. చాలాచోట్ల మంచినీళ్ల సీసా, కాఫీ కూడా అందులో ఉండవు. తిండి, పానీయాలు ధరలోనే కలిపి ఉండే ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోవడం ఇక్కడ విలాసం కాదు, ఖర్చు అదుపు చేసుకునే మార్గం. పక్క దుకాణానికి వెళ్లి కొనుక్కుందామంటే దీవిలో పక్క దుకాణమే లేదు. డిసెంబరు 24, 31 రాత్రుల్లో చాలా రిసార్టులు గాలా డిన్నర్ పేరుతో తప్పనిసరి రుసుము వేస్తాయి. అది వాళ్లు పంపే ధరల కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సీప్లేన్ వెలుతురులోనే ఎగురుతుంది. మీ విమానం మాలేలో మధ్యాహ్నం మూడున్నర తరవాత దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టం. అప్పుడు ఒక రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్‌హుమాలేలో గది తీసుకోవాలి, కొన్న రిసార్టు రాత్రి ఒకటి వృథా. సామాను హద్దు సాధారణంగా 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. ఎక్కువైతే కిలోకింతని కట్టాలి. ఇద్దరికీ తొలిసారైతే స్పీడ్‌బోటులో గంటలోపు చేరే రిసార్టు చూసుకోండి. సీప్లేన్ కిటికీలోంచి కనపడే దృశ్యం అందమైనదే, కానీ అది నలభై నిమిషాల అందం.

ఇక రెండో మాల్దీవులు. మాఫుషి, తులుస్‌ధూ, ఉకుల్హాస్, దిగురా లాంటి ఊళ్లలో గెస్ట్‌హౌస్ గది ఇద్దరికి 70 డాలర్లనుకోండి. సర్వీస్, పన్ను, మనిషికి 6 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ కలిపితే రాత్రికి 102 డాలర్లు, నాలుగు రాత్రులకు 408. మాఫుషికి స్పీడ్‌బోటు ఒకవైపు మనిషికి 25 చొప్పున రానూపోనూ ఇద్దరికి వంద. మొత్తం 508. రిసార్టు లెక్కలో ఐదోవంతు. పైగా ఈ డబ్బులో ఎక్కువ పాలు ఆ ఊరి కుటుంబానికి, పడవ నడిపేవాడికి చేరుతుంది. ప్రభుత్వ ఫెర్రీ ఇంకా చాలా చవక, కానీ శుక్రవారం ఉండదు, మిగతా రోజుల్లోనూ మీ విమానం వేళకు కుదరదు.

దీనికి మీరిచ్చే మూల్యం వేరే ఉంది. ఊళ్లున్న దీవుల్లో మద్యం చట్టవిరుద్ధం. ఈత దుస్తుల్లో తిరగడం బికినీ బీచ్ అని గుర్తుపెట్టిన ముక్కలోనే. విమానాశ్రయంలో సామాను స్కాన్ చేసి మద్యం సీసా తీసి పక్కన పెడతారు. వేప్‌లను దేశంలోకే తేనివ్వరు. తెలుగు కుటుంబాలు చాలావాటికి ఈ నిబంధనలు ఇబ్బందే కాదు. మద్యం అక్కర్లేని జంటకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఊరి దీవే నయం. ఒక రోజు పక్క రిసార్టుకు డే పాస్ కొనుక్కుంటే ఆ ఫొటోలూ దక్కుతాయి.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. మాల్దీవుల కరెన్సీ రుఫియా డాలరుకు 15.42 దగ్గర కట్టి ఉంటుంది, దేశంలో డాలర్ల కొరత ఉంటుంది. డాలర్లు ఇచ్చి చిల్లర రుఫియాల్లో తీసుకుంటే తిరిగి మార్చుకోవడం తలనొప్పి. చిన్న డాలరు నోట్లు వెంట ఉంచుకోండి.

## మారిషస్: పర్యాటకం ఒక్కటే ఆధారం కాని దీవి

మారిషస్ 1968లో స్వతంత్రమయ్యేనాటికి చెరకు తప్ప ఏమీ లేదు. తరవాత బట్టల ఫ్యాక్టరీలు, ఆపైన పర్యాటకం, ఆర్థిక సేవలు వచ్చాయి. ఏటా 13–14 లక్షల మంది వస్తారు, అంటే దేశ జనాభా కంటే కాస్త ఎక్కువ. పెద్ద హోటళ్లు చాలావరకు స్థానిక కంపెనీలవే, వాటిలో కొన్ని చెరకు తోటల యజమాన్యాల నుంచి పుట్టినవే. మాల్దీవులతో పోలిస్తే మీ డబ్బు ఇక్కడ ఎక్కువ నిలుస్తుంది. హోటల్ గేటు దాటితే మామూలు జీవితం ఉంటుంది: సూపర్‌మార్కెట్, బస్సు, బడి, మార్కెట్.

చట్టం ప్రకారం సముద్రతీరం అందరిదీ. ఖరీదైన హోటల్ ముందున్న ఇసుకలోనూ ఎవరైనా నడవొచ్చు. అందువల్ల తక్కువ ధరలో అపార్ట్‌మెంటు తీసుకుని మంచి తీరంలో గడిపే వీలుంది. పబ్లిక్ బీచ్‌లలో సరుగుడు చెట్ల కింద ఆదివారం కుటుంబాలు వంటపాత్రలతో సహా దిగుతాయి. నిశ్శబ్దం కావాలంటే వారం మధ్యలో వెళ్లండి.

ఎక్కడ ఉండాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న. తూర్పున బెల్ మేర్ తీరం అందంగా ఉంటుంది, కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయపు గాలి నేరుగా కొడుతుంది. ఆ నెలల్లో పశ్చిమాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ గానీ ఉత్తరాన గ్రాండ్ బే గానీ నయం. విమానాశ్రయం ఆగ్నేయంలో ఉంది, గ్రాండ్ బేకి గంట పైనే. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో ఉంది గానీ బీచ్‌లకు వెళ్లదు. నాలుగు రోజులు దాటితే కారు అద్దెకు తీసుకోవడం మేలు. మనలాగే ఎడమ పక్క నడపాలి. టాక్సీల్లో మీటరు మీద నమ్మకం పెట్టుకోకండి, ఎక్కకముందే రోజుకింతని మాట్లాడుకోండి.

తీరం చుట్టూ ఉన్న పగడపు దిబ్బ లోపలి నీళ్లు లోతు తక్కువ, అలలు తక్కువ. పిల్లలకు నాలుగు దీవుల్లోకీ ఇదే భద్రమైన సముద్రం. కాకపోతే అడుగున ముళ్ల జీవులు, రాతి చేపలు ఉంటాయి, రబ్బరు చెప్పులతోనే నీళ్లలోకి దిగాలి.

తిండి దగ్గర మారిషస్‌కు పోటీ లేదు. శనగపప్పు కూరిన ధోల్ పురీ, ఫరాటా, మన పప్పు వడను గుర్తుచేసే గాతో పిమాఁ రోడ్డు మీదే దొరుకుతాయి. జనాభాలో దాదాపు సగం హిందువులు కాబట్టి శాకాహారమంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు.

తెలుగువారికి ఈ దీవితో ఉన్న బంధం పర్యాటకం కంటే పాతది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీల కోసం బ్రిటిష్ వారు భారతదేశం వైపు చూశారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి 1843లో కోరింగా ప్యాకెట్ ఓడ తెలుగువారిని అక్కడికి చేర్చింది. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయీలో ఉంది, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. అయినా హోటల్ కౌంటర్లో తెలుగు వినిపిస్తుందని ఆశించొద్దు. ఇళ్లలో వాడుక ఎక్కువగా క్రియోల్. పండగ రోజు గుడికి వెళితే మాత్రం సింహాద్రి అప్పన్న పాట వినపడొచ్చు.

బలహీనత ప్రయాణం. హైదరాబాద్ నుంచి ముంబై లేదా ఢిల్లీ మీదుగా వెళ్లాలి, ముంబై నుంచే ఆరు గంటల పైమాట. అయిదు రోజుల లోపు సెలవుంటే మారిషస్ వద్దు. విమానం టికెట్లకే బడ్జెట్ ఎక్కువ పోతుంది కాబట్టి ఎనిమిది రాత్రులుంటేనే రోజు ఖర్చు తగ్గుతుంది. 2025 అక్టోబరు నుంచి వచ్చిన 3 యూరోల రుసుము ఇద్దరికి ఎనిమిది రాత్రులకు 48 యూరోలు; భయపడాల్సినంత కాదు.

## శ్రీలంక: డాలర్లు అవసరమైన దేశం, రూపాయికి విలువున్న దేశం

2018లో శ్రీలంకకు 23 లక్షల పైచిలుకు పర్యాటకులు వచ్చారు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ బాంబు దాడులు, తరవాత కోవిడ్, 2022లో అప్పులు కట్టలేమని ప్రకటన. 2021లో వచ్చినవారు రెండు లక్షలకు కూడా చేరలేదు. 2024కి మళ్లీ 20 లక్షలు దాటారు, వారిలో భారతీయులే ఎక్కువ. ఈ ఆటుపోట్ల వల్ల హోటళ్లు ఖాళీ గదుల భయం ఎరిగినవి. సీజన్ కాని రోజుల్లో నేరుగా ఫోన్ చేసి అడిగితే ధర తగ్గుతుంది. మాల్దీవుల రిసార్టు దగ్గర ఆ మాట నడవదు.

ఆహారం స్థానికంగా పండుతుంది, సిబ్బంది స్థానికులు, చిన్న గెస్ట్‌హౌస్‌లు కుటుంబాలవి. మన రూపాయికి మూడు శ్రీలంక రూపాయల పైనే వస్తాయి. డ్రైవరుతో కారు రోజుకు సుమారు 50–60 డాలర్లు. నలుగురికి నాలుగు దీవుల్లోకీ చవకైన వారం ఇదే.

ఎక్కడ ఖర్చు పెరుగుతుందంటే టికెట్ల దగ్గర. విదేశీయుడికి సిగిరియా ఎక్కడానికి 35 డాలర్లు. సార్క్ దేశాలవారికి రాయితీ ఉంటుంది, కానీ పాస్‌పోర్టు చూపాలి. ఫోన్‌లో ఫొటో చాలదనే కౌంటర్లు ఉంటాయి, అసలుదే పట్టుకెళ్లండి. యాల అడవిలో జీపుకు, ప్రవేశానికి, సేవా రుసుముకు వేర్వేరుగా కట్టాలి. నలుగురు జీపు పంచుకుంటేనే గిట్టుబాటు. సాధారణంగా సెప్టెంబరులో యాల ప్రధాన భాగం మూసేస్తారు.

తప్పు జరిగేది దూరాల దగ్గర. పటంలో కొలంబో నుంచి ఎల్లా 200 కిలోమీటర్లే, కారులో ఆరు గంటలు. వారంలో కాండీ, నువర ఎలియ, ఎల్లా, యాల, మిరిస్సా, గాలే అన్నీ పెట్టుకుంటే సగం సెలవు కారు కిటికీలో గడుస్తుంది. మూడు చోట్లు చాలు. కాండీ–ఎల్లా రైలు రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుస్తారు, త్వరగా అయిపోతుంది. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను కొండ ప్రాంతపు రోడ్లను, రైలు మార్గాన్ని బాగా దెబ్బతీసింది కాబట్టి ఆ లైను పూర్తిగా నడుస్తోందో లేదో చూసుకున్నాకే ప్రణాళిక వేయండి.

శాకాహారులకు ఒక మాట. ఉంబలకడ అనే ఎండు చేప పొడిని కొబ్బరి సంబల్‌లో, ఒక్కోసారి పప్పులో కూడా వేస్తారు. "వెజ్" అంటే చాలదు, ఉంబలకడ వద్దని పేరు పెట్టి చెప్పాలి.

హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానం ఉంది, రెండు గంటల ప్రయాణం. చాలా దుకాణాల్లో 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ పనిచేస్తోంది, మారిషస్‌లోనూ అదే రోజు మొదలైంది. సముద్రం అందం మాత్రం మాల్దీవులకు సాటిరాదు. దక్షిణ తీరంలో అలలు గట్టివి, చాలాచోట్ల ఈతకు పనికిరావు. నీళ్ల కోసమే వెళ్లేవారు ఇక్కడికి రాకండి.

## బాలీ: రద్దీని కూడా లెక్కలో వేసుకోండి

బాలీ దేశం కాదు, ఇండోనేషియాలో ఒక రాష్ట్రం. 2024లో 63 లక్షల మంది విదేశీయులు వచ్చారు, ఆస్ట్రేలియా తరవాత భారతీయులే ఎక్కువ. 2002 అక్టోబరు 12 నాటి బాంబు దాడుల్లో 202 మంది చనిపోయినప్పుడు ఖాళీ అయిన హోటళ్లు ఇప్పుడు పొలాల్లోకి పాకాయి. సుబక్ అనే సాగునీటి పద్ధతిని యునెస్కో 2012లో గుర్తించింది. ఆ నీటి మీద ఆధారపడ్డ వరి మళ్లే ఇప్పుడు విల్లాలవుతున్నాయి. 2025 సెప్టెంబరు వరదల తరవాత ఈ కట్టడాల మీద గొడవ ఇంకా పెరిగింది.

మీకు దీనివల్ల ఏమిటంటే, గదులు విపరీతంగా ఉన్నాయి, పోటీ ఎక్కువ, ధర తక్కువ. ఈత కొలనున్న ప్రైవేటు విల్లా అనే కోరిక ఈ నాలుగింటిలో ఇక్కడే అందుబాటులో ఉంటుంది. బదులుగా మీరు ఇచ్చేది సమయం. చాంగూ, సెమిన్యాక్, ఉబుద్ మధ్య పది కిలోమీటర్లకు గంట పట్టొచ్చు. ఒకేచోట గది తీసుకుని దీవంతా తిరుగుదామంటే కుదరదు. ఉబుద్‌లో మూడు రాత్రులు, తీరంలో మూడు రాత్రులు అని విడగొట్టండి.

రెస్టారెంటులో లక్ష రుపియా వంటకానికి 10 శాతం సర్వీసు, దాని మీద 10 శాతం పన్ను పడితే 1,21,000 అవుతుంది. డబ్బు మార్చేచోట బోర్డు మీద రేటు మిగతావాటికంటే బాగుంటే అక్కడే నోట్లు లెక్కలో తగ్గుతాయి. మీరే చివర లెక్కపెట్టి, మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వకుండా జేబులో పెట్టుకోండి.

స్కూటర్ అద్దెకు తీసుకోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా పైసా కట్టదు, ఆసుపత్రి బిల్లు మీదే. సాంబల్ అనే మిరప పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద ఉంటుంది, శాకాహారులు అడిగి తెలుసుకోవాలి.

న్యేపి రోజు 24 గంటలు విమానాశ్రయంతో సహా దీవి మొత్తం మూతపడుతుంది, హోటల్ గేటు దాటనివ్వరు. అది శక సంవత్సరాది. 2026లో మన ఉగాది, న్యేపి రెండూ మార్చి 19నే. ఉగాది సెలవుకు బాలీ వెళ్లేవారు తేదీలు ముందే చూసుకోవాలి.

## మన సెలవులకు ఏ దీవి

| సెలవు | మాల్దీవులు | మారిషస్ | శ్రీలంక | బాలీ |
|---|---|---|---|---|
| వేసవి, మే–జూన్ | వానలు మొదలు, ధర తక్కువ | చల్లగా, పొడిగా, చాలా బాగుంటుంది | తూర్పు తీరం, ట్రింకోమలీ | పొడి కాలం, బాగుంటుంది |
| దసరా | వానలు ఇంకా ఉంటాయి | బాగుంటుంది | మధ్యాహ్నం తరవాత జల్లులు | బాగుంటుంది |
| సంక్రాంతి | అత్యుత్తమం, అత్యధిక ధర | తుఫానుల కాలం | దక్షిణ, పశ్చిమ తీరాలు | వానలు, కుటా తీరంలో చెత్త |

మాల్దీవుల్లో వానాకాలమంటే రోజంతా కురవదు, కానీ నాలుగు రాత్రులే ఉన్నవారికి రెండు రోజుల ముసురు సగం సెలవు. మంటా చేపల కోసం హనిఫారూ వెళ్లేవారికి మాత్రం జూన్–నవంబరే సరైన కాలం.

## ఎవరు ఎక్కడికి

కొత్త జంట, నాలుగైదు రోజులు, బడ్జెట్ గట్టిది: జనవరి–మార్చి మధ్య మాల్దీవుల రిసార్టు, స్పీడ్‌బోటు దూరంలో. అదే జంట బడ్జెట్ సగమైతే ఊరి దీవిలో మూడు రాత్రులు, రిసార్టులో ఒకటి. రిసార్టు రాత్రి చివర పెట్టుకోండి, మొదట పెడితే గెస్ట్‌హౌస్ చిన్నబోతుంది.

అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లేవారికి వేసవిలో మారిషస్, అది అందకపోతే శ్రీలంక. మాల్దీవుల పడవ కుదుపులు, పడవలోంచి జెట్టీ మీదికి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం.

స్నేహితుల గుంపుకు బాలీ. ముగ్గురు నలుగురు కలిసి విల్లా పంచుకుంటే తలకు పడేది చాలా తక్కువ. తీర్థం, యాత్ర కలిసి రావాలనుకునేవారికి శ్రీలంక: కోణేశ్వరం, మున్నేశ్వరం, నువర ఎలియ దగ్గరి సీత గుడి.

తాము ఖర్చుపెట్టే డబ్బు ఆ ఊళ్లో ఉండాలనుకునేవారికి వరస ఇలా పెడతాను: శ్రీలంక గెస్ట్‌హౌస్, మాల్దీవుల ఊరి గెస్ట్‌హౌస్, మారిషస్, బాలీ హోమ్‌స్టే, చివర్న విదేశీ బ్రాండు రిసార్టులు ఏ దీవిలోనైనా. బాలీ హోమ్‌స్టేను కిందికి నెట్టింది నీటి కొరతను చూసి. దానితో ఏకీభవించనివారు ఉంటారు.

## డబ్బు కట్టేముందు

హోటల్‌కు ఈమెయిల్ పెట్టి ఒకే ప్రశ్న అడగండి: ఇద్దరికి, ఈ తేదీలకు, అన్ని పన్నులు, రుసుములు, విమానాశ్రయం నుంచి రానూపోనూ రవాణా కలిపి ఆఖరి మొత్తం ఎంత? జవాబు అంకెలో రాకుండా "సుమారుగా" అని వస్తే మళ్లీ అడగండి. ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ ఆ రోజు మాత్రం మీ జేబులోంచే పోతుంది కాబట్టి బడ్జెట్‌లో రాసుకోండి.

విమానం టికెట్టు కొన్నాక గది కాదు, గదికి చేర్చే పడవ, సీప్లేన్ వేళలు చూశాక టికెట్టు. మాల్దీవులకు ఇది తప్పదు. అక్కడి ఇముగా అనే ఆన్‌లైన్ ప్రవేశ ఫారం ప్రయాణానికి 96 గంటల లోపు నింపాలి, ముందే నింపితే చెల్లదు. స్కూబా చేసేవారు చివరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య 24 గంటలు వదలండి; కనుక డైవింగ్ మొదటి రోజుల్లో, ఊరికే కూర్చోవడం చివరి రోజు. బీమా తీసుకునేటప్పుడు స్కూబా, స్కూటర్, అత్యవసరంగా వేరే దీవి ఆసుపత్రికి తరలించే ఖర్చు, ఈ మూడూ అందులో ఉన్నాయో లేదో చదివి చూడండి.